హెబ్రీ ప్రవక్తల అంత్యదిన వాక్యాలు: వరుస తప్పకుండా చదివే పద్ధతి

పశ్చిమాసియాలో యుద్ధం వచ్చిన ప్రతిసారీ ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. గోగు అంటే ఏ దేశం? దానియేలు చెప్పిన రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? చంద్రుడు రక్తమవుతాడన్నది మొన్నటి గ్రహణమేనా? అడిగేవాళ్లలో సంఘంలో వాక్యం చెప్పే పెద్దలు ఉన్నారు. ఎవరో పంపిన వీడియో చూసి టెన్షన్‌తో నిద్రపట్టని కాలేజీ పిల్లలూ ఉన్నారు.

ఈ ప్రశ్నలతోనే మొదలుపెడితే ప్రవచనం చేతికి చిక్కదు. ప్రవక్త ముందు తన ఎదుట నిలబడ్డ మనుషులతో మాట్లాడాడు. వాళ్లకేం చెప్పాడో, వాళ్లను ఏం చేయమన్నాడో తేలాక మిగిలినదాన్ని చూడాలి. కింది అడుగులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. యెషయా నుంచి మలాకీ దాకా ఉన్న పుస్తకాలు, వాటిలోనే దానియేలు కూడా, ఇంతవరకే ఇక్కడ తీసుకున్నాను. ప్రకటన గ్రంథం అడుగడుగునా వీటి మాటలనే వాడుకుంటుంది కాబట్టి ముందు వీటిని చదవడం రావాలి.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సంబంధిత వచనాలు చూపించే రిఫరెన్స్ బైబిలు.
- ఒక నోట్‌బుక్. పేజీకి నాలుగు గడులు గీయండి: ఎవరికి చెప్పాడు, ఏ సంఘటన గురించి, ఏం చేయమన్నాడు, ఇంకా ఏం మిగిలింది.
- పాతకాలపు అష్షూరు, బబులోను, ఐగుప్తు కనిపించే మ్యాప్. చాలా బైబిళ్ల చివర ఉంటుంది.
- నోట్‌బుక్ మొదటి పేజీలో కాలక్రమం.

కాలక్రమం ఇంత ఉంటే చాలు (ఏళ్లన్నీ క్రీ.పూ.):

- క్రీ.పూ. 8వ శతాబ్దం: ఆమోసు, హోషేయ, యెషయా, మీకా. ముప్పు అష్షూరు నుంచి. 722లో ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడింది.
- 7వ శతాబ్దం చివర: జెఫన్యా, నహూము, హబక్కూకు, యిర్మీయా. 612లో అష్షూరు రాజధాని నీనెవె కూలింది, 605లో కర్కెమీషు యుద్ధం జరిగింది.
- 597లో మొదటి పెద్ద చెర. యెహెజ్కేలు బబులోనుకు వెళ్లింది ఆ గుంపుతోనే. 586లో యెరూషలేము, దేవాలయం నాశనమయ్యాయి.
- 539లో బబులోను పారసీక రాజు కోరెషు వశమైంది. 520లో హగ్గయి, జెకర్యా ఆలయం కట్టమని ప్రజలను లేపారు. ఆలయం నిలిచాక మలాకీ.
- 167 నుంచి 164 దాకా గ్రీకు రాజు అంతియొకస్ ఎపిఫనేస్ ఆలయాన్ని అపవిత్రం చేసిన రోజులు. దానియేలు చదివేటప్పుడు ఇది కావాలి.

రెండు జాగ్రత్తలు. యూదుల బైబిల్లో వచన సంఖ్యలు కొన్నిచోట్ల మన తెలుగు బైబిలుకు తేడాగా ఉంటాయి. మన యోవేలు 2:28–32 వాళ్ల లెక్కలో 3వ అధ్యాయం, మన 3వది వాళ్లకు 4వది. మలాకీ మనకు నాలుగు అధ్యాయాలు, వాళ్లకు మూడే. యూదు వ్యాఖ్యానం తెరిచినప్పుడు ఇది తెలియకపోతే వచనం దొరకదు.

రెండోది, హెబ్రీ బైబిల్లో దానియేలు ప్రవక్తల భాగంలో లేడు. మూడో భాగమైన ‘కెతువీమ్’లో, అంటే ‘వ్రాతల’లో ఉన్నాడు. ఆమోసు వీధిలో నిలబడి జనాన్ని గద్దిస్తాడు. దానియేలుకు దర్శనం వస్తుంది, దేవదూత దాన్ని వివరిస్తాడు. ఈ రెంటినీ ఒకే తీరుగా చదవకూడదు.

2. వచనాన్ని కాదు, భాగం మొత్తాన్ని తీసుకోండి

ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. యెషయా 24–27 ఒక భాగం. యెహెజ్కేలు 38–39 ఒకటి, జెకర్యా 12–14 ఒకటి. యోవేలు అయితే పుస్తకం మొత్తం ఒకే భాగం.

ఉదాహరణకు కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టే యెషయా 2:2–4 అందరికీ కంఠతా వచ్చు. అక్కడితో ఆగకుండా అధ్యాయం చివరిదాకా చదవండి. వెండి బంగారాలు, గుర్రాలు, విగ్రహాలతో నిండిపోయిన యూదా దేశం కనబడుతుంది. గర్వించిన ప్రతిదాని మీదికీ వచ్చే యెహోవా దినం కనబడుతుంది. యెషయా ఆ వాగ్దానం చెప్పింది ఆ జనానికే.

3. మొదట విన్నవాళ్లెవరో రాసుకోండి

పుస్తకం మొదటి వచనంలో రాజు పేరు ఉంటే పని సులువు. ఆమోసు 1:1 చూడండి. యూదాలో ఉజ్జియా, ఇశ్రాయేలులో యరొబాము, భూకంపానికి రెండేళ్ల ముందు. మాట్లాడినవాడు తెకోవ గొర్రెల కాపరి, విన్నవాళ్లు ఉత్తర రాజ్యంలో కాస్త బాగుపడిన జనం.

వాళ్లు యెహోవా దినం కోసం ఎదురు చూస్తున్నారు. ఆ రోజు వస్తే శత్రువులు నాశనమవుతారని, తమకు వెలుగేనని వాళ్ల ధీమా. ఆమోసు 5:18–20 ఆ ధీమా మీద దెబ్బ కొడుతుంది. ఆ దినం మీకు చీకటి అంటాడు. సింహం నుంచి పారిపోయినవాడికి ఎలుగుబంటి ఎదురవుతుంది. ఇంట్లోకి వచ్చి గోడకు చెయ్యి ఆనిస్తే పాము కరుస్తుంది.

ఎందుకో తెలియాలంటే అదే అధ్యాయంలో 10 నుంచి 15 దాకా, తర్వాత 21 నుంచి 24 దాకా చదవండి. ఊరి గుమ్మంలో (అప్పట్లో తీర్పులు చెప్పే చోటు అదే) న్యాయం అమ్ముడుపోతోంది, పేదవాడి దగ్గర ధాన్యం లాక్కుంటున్నారు, పండుగలు మాత్రం ఘనంగా జరుగుతున్నాయి. అంత్యదినం మీద ఎవరికి ఆశ ఎక్కువో వాళ్లనే ప్రవక్త ముందు నిలదీశాడు. నా దృష్టిలో ఈ విషయం మీద చదవాల్సిన మొట్టమొదటి వాక్యభాగం ఇదే. చాలామంది మొదలుపెట్టేది మాత్రం దానియేలు అంకెలతో.

4. ‘యెహోవా దినము’ కనిపిస్తే ఏ దినమో తేల్చండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆ మాట ఎక్కడ కనబడినా లోకాంతమే అనుకుని అన్నిటినీ ఒకే రోజుకు కట్టేస్తారు. ఈ వచనాలు తెరిచి ఒక్కొక్కటి చూడండి:

- యెషయా 13: బబులోను మీదికి. 17వ వచనం మాదీయుల పేరు కూడా చెబుతుంది.
- యిర్మీయా 46:10: ఐగుప్తు మీదికి. యూఫ్రటీసు ఒడ్డున కర్కెమీషు దగ్గర ఫరో నెకో సైన్యం ఓడిన సందర్భం.
- యెహెజ్కేలు 30:3: మళ్లీ ఐగుప్తు.
- ఓబద్యా 15: అన్ని జనాల మీదికి, ముందుగా ఎదోము.
- జెఫన్యా 1: యోషీయా కాలపు యెరూషలేము. ఊరి గుమ్మాలు, పేటలు పేరుపేరునా వస్తాయి. యెహోవా దీపాలు పట్టుకుని ఇల్లిల్లూ వెతుకుతాడు.
- విలాపవాక్యములు 2:22, యెహెజ్కేలు 13:5: ఇవి వెనక్కి తిరిగి చూస్తున్నాయి. యెరూషలేము మీద ఆ దినం వచ్చేసింది.
- జెకర్యా 14, మలాకీ 4: ఆలయం తిరిగి కట్టడం మొదలయ్యాక కూడా ఇంకొక దినం ముందుందని చెప్పేవి.

లిస్టు పూర్తయ్యాక ఒక విషయం కళ్లకు కడుతుంది. ఆ దినం చరిత్రలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. యెహోవా లేచి తీర్పు తీర్చిన ప్రతి సందర్భాన్నీ ప్రవక్తలు ఆ పేరుతోనే పిలిచారు. అయినా చెర తర్వాతి ప్రవక్తలు అది అయిపోయిందనలేదు. గతంలో వచ్చింది కాబట్టే ఇకముందూ వస్తుందని వాళ్ల నమ్మకం. ఈ రెండు వైపులూ పట్టుకుంటేనే చదువు నిలబడుతుంది.

రాసుకునే పద్ధతి: వచనం పక్కన ‘ఎవరి మీదికి’ అని ఒక మాట, ‘అప్పటికి జరిగిందా, జరగబోతోందా’ అని ఒక మాట. ఈ రెండూ రాయలేకపోతే ఐదో అడుగుకు వెళ్లకండి.

5. సూర్యచంద్రుల మాటలు వచ్చినప్పుడు

సూర్యుడు చీకటవడం, నక్షత్రాలు వెలుగు ఇవ్వకపోవడం, ఆకాశం వణకడం ప్రవక్తలు తరచుగా వాడే మాటలు. యెషయా 13:10 బబులోను పతనానికి, యెహెజ్కేలు 32:7–8 ఫరో పతనానికి ఇలాంటి మాటలే వాడాయి. ఒక సామ్రాజ్యం కూలితే దాని కింద బతికినవాళ్లకు లోకం కూలినట్టే ఉంటుంది. ప్రవక్త ఆ బరువును ఆకాశం మీద పెట్టి చూపిస్తాడు.

యెషయా 13:19 బబులోను సొదొమ గొమొఱ్ఱాల్లా అవుతుందంటుంది. 539లో కోరెషు సైన్యం యుద్ధం లేకుండా నగరంలోకి ప్రవేశించిందని బబులోను వాళ్ల సొంత చరిత్ర పలకలు చెబుతాయి. రాజ్యం ఒక్క దెబ్బతో పోయింది, నగరం పాడుబడటానికి మాత్రం శతాబ్దాలు పట్టింది. దీన్ని దాచిపెట్టి ‘అక్షరం పొల్లుపోకుండా ఆ రాత్రే జరిగింది’ అని బోధిస్తే, పిల్లలు రేపు చరిత్ర పుస్తకం చదివి బైబిలునే అనుమానిస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చిత్రానికి అర్థం వెతికే వరుస:

- ముందు అదే అధ్యాయంలో వివరణ ఉందా చూడండి. ఎండిన ఎముకలు ఎవరో యెహెజ్కేలు 37:11 చెప్పేస్తుంది: ఇశ్రాయేలీయులందరూ. పొట్టేలు, మేకపోతు ఎవరో దానియేలు 8:20–21 చెప్పేస్తుంది: మాదీయ పారసీక రాజులు, గ్రేకుల రాజు.
- లేకపోతే అదే పుస్తకంలో ఇంకెక్కడ ఆ చిత్రం వచ్చిందో చూడండి.
- ఆ తర్వాత మిగతా ప్రవక్తలు.
- వార్తాపత్రిక ఈ వరుసలో లేదు.

6. షరతు ఉందేమో చూడండి

ప్రవక్త మాట పంచాంగం కాదు. యిర్మీయా 18:7–10 నియమాన్ని సూటిగా చెబుతుంది. నాశనం చేస్తానన్న జనం మనసు మార్చుకుంటే కీడు ఆగుతుంది, మేలు చేస్తానన్న జనం చెడిపోతే మేలు ఆగుతుంది.

యోనా చెప్పిన నలభై రోజులు గడిచాయి, నీనెవె నిలిచింది. సీయోను పొలంలా దున్నబడుతుందని మీకా 3:12 అంది. దాదాపు వందేళ్ల తర్వాత యిర్మీయాను చంపాలని జనం మీద పడితే పెద్దలు లేచి ఆ వాక్యాన్నే గుర్తుచేశారు (యిర్మీయా 26:18–19). మీకా కాలపు రాజు హిజ్కియా భయపడి వేడుకున్నాడు, కీడు తప్పిపోయింది అన్నారు. మీకా అబద్ధ ప్రవక్త అని ఎవరూ అనలేదు. అతని మాట చేయాల్సిన పని చేసింది కదా.

మరో చోటు యెహెజ్కేలు 29:17–20. తూరు మీద బబులోను రాజు నెబుకద్రెజరు ఎంతో శ్రమపడ్డాడు, కష్టానికి తగిన దోపిడీ దక్కలేదు, అందుకని ఐగుప్తును జీతంగా ఇస్తున్నానని కొత్త మాట వచ్చింది. 26వ అధ్యాయంలో అతను తూరును కూల్చి దోచుకుంటాడని చెప్పింది, తర్వాత ఇది, రెండూ ఒకే పుస్తకంలో ఉంచారు. ఈ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చదవండి.

7. ఎంత నెరవేరింది, ఎంత మిగిలింది

యిర్మీయా 29:10 డెబ్బై ఏళ్లన్నాడు. చెర ముగిసింది, జనం తిరిగివచ్చారు. కానీ వచ్చినవాళ్లకు దొరికింది శిథిలాలు, కరువు, పొరుగువాళ్ల అడ్డంకులు. జెకర్యా 1:12లో దూత అడిగే ప్రశ్న చూడండి: ఇంకెంతకాలం కనికరించవు? దానియేలు 9:2లో కూడా ఆ డెబ్బై ఏళ్ల మీదే ప్రార్థన. అంటే బైబిలు లోపలే, వాగ్దానంలో ఒక భాగం జరిగి మరో భాగం మిగిలిందన్న బాధ ఉంది.

నాలుగో గడిలో రాయాల్సింది ఇదే. యెషయా 2లో జనాలు యుద్ధం మానేస్తారు. అది జరగలేదు. యెషయా 25:8లో మరణం మింగివేయబడుతుంది. అదీ జరగలేదు. ‘మిగిలింది’ అని రాసి వదిలేయండి, బలవంతంగా ఏదో సంఘటనకు అతికించకండి.

మిగిలినవాటిని ఒకే బొమ్మగా కలపకండి కూడా. యెషయా 65:17 కొత్త ఆకాశం, కొత్త భూమి అంటుంది, కానీ అక్కడ 20వ వచనంలో నూరేళ్లకు చనిపోయేవాడున్నాడు. 25:8లో మరణమే లేదు. యెషయా 2, మీకా 4 కత్తులను నాగళ్లుగా మార్చమంటే యోవేలు 3:10 నాగళ్లను కత్తులు చేయమంటుంది. ప్రతిదాన్నీ దాని చోట మాట్లాడనివ్వండి. ముందే ఒక చార్టు తయారుచేసుకుని వీటిని గళ్లలో ఇరికిస్తే ఏదో ఒక ప్రవక్త నోరు నొక్కినట్టే.

8. పేర్లు, అంకెలు

గోగు గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం ఆగుదాం. యెహెజ్కేలు 38–39లో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చేవాడు గోగు, మాగోగు దేశపువాడు, మెషెకుకు, తుబాలుకు అధిపతి. యెహెజ్కేలు 38 తెరిచే ముందు మూడు చోట్లు చూడండి. ఆదికాండము 10:2లో మాగోగు, తుబాలు, మెషెకు యాపెతు కుమారులు. యెహెజ్కేలు 27:13లో తుబాలు, మెషెకు తూరుతో బానిసలను, ఇత్తడి సామాను వ్యాపారం చేసేవాళ్లు. 32:26లో వాళ్లు పాతాళంలో పడి ఉన్న సైన్యం. అష్షూరు రాతల్లోనూ ఈ రెండు జనాలు ఉన్నారు, నేటి టర్కీ ప్రాంతంలో.

అంటే యెహెజ్కేలు శ్రోతలకు ఇవి విన్న పేర్లే, తమకు తెలిసిన లోకపు ఉత్తరపు అంచువి. చెరలో ఉన్నవాళ్లకు ఆ దర్శనం ఇచ్చే మాట ఏంటంటే, తిరిగివెళ్లాక ఎంత పెద్ద గుంపు మీదపడ్డా దేవుడు కాపాడతాడు. ‘మెషెకు’ను ‘మాస్కో’కు కలిపే వీడియోలకు శబ్దం పోలిక తప్ప ఆధారం లేదు.

అంకెలకు వస్తే, దానియేలు 8:14లో 2300 సాయంకాలములు ఉదయములు, 9:24లో డెబ్బై వారములు, 12:11–12లో 1290, 1335 దినాలు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కవేసి, క్రీస్తు రాకడ 1843–44లో అని ప్రకటించాడు. చివరికి 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయం చేశారు. పొలాల్లో పంట కోయకుండా వదిలేసి ఎదురుచూసినవాళ్లున్నారు. ఆ రోజు మామూలుగానే గడిచింది. ఎంతోమంది విశ్వాసం కుప్పకూలింది.

యూదు గురువులకు ఈ ప్రమాదం ఎప్పుడో తెలుసు. వాళ్ల చర్చల సంకలనమైన తల్ముదులో సన్హెద్రిన్ 97బి పేజీలో అంతాన్ని లెక్కగట్టేవాళ్ల మీద శాపం ఉంది. కారణం కూడా చెప్పారు: లెక్క తప్పితే మెస్సీయ ఇక రానే రాడని జనం అనేస్తారు. ఆలస్యమైనా కనిపెట్టు అన్న హబక్కూకు 2:3 అక్కడ తోడు తెచ్చారు.

అంకె కనబడినప్పుడు చేయాల్సింది:

- ఎవరి బాధ కొలవడానికి ఆ అంకె ఇచ్చారో చూడండి. 8:14కు ముందున్న ప్రశ్న ‘ఎంతకాలం?’ అన్నది.
- అంతియొకస్ కాలంతో పోల్చండి. ఆలయ బలి ఆగిపోవడం, హేయ వస్తువు నిలపడం 167లో జరిగాయి. దానియేలు ముందుగానే చూశాడని సంప్రదాయం, పుస్తకం చివరి రూపం ఆ కాలంలోనే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. ఏ పక్షమైనా ఆ చరిత్ర చదవకుండా 8, 11 అధ్యాయాలు అర్థం కావు.
- 12:8–9 చదవండి. విన్నాను గాని గ్రహింపలేకపోయానని దానియేలే అంటాడు. సంగతులు ముద్రించబడ్డాయి, నువ్వు వెళ్లు అని జవాబు. అతనికే చెప్పని తేదీ మన కాలిక్యులేటర్‌లో దొరకదు.

9. తర్వాతివాళ్ల చదువును వేరే పేజీలో రాయండి

మొదటి శ్రోతల అర్థం, తర్వాతి తరాల అర్థం రెండూ ముఖ్యమే, కానీ కలిపి రాస్తే ఏది ఎక్కడిదో తెలియదు. క్రైస్తవులు జెకర్యా 9:9ని యేసు యెరూషలేము ప్రవేశంలో చూస్తారు, మలాకీ 4:5లోని ఏలీయాను బాప్తిస్మమిచ్చు యోహానులో చూస్తారు. యూదులు ఇంకా ఏలీయా కోసం ఎదురుచూస్తూ పస్కా రాత్రి అతని కోసం ఒక గిన్నె ద్రాక్షారసం ఉంచుతారు. పర్ణశాలల పండుగ మొదటి రోజు సమాజమందిరంలో జెకర్యా 14 చదువుతారు, ఆ పండుగ మధ్య విశ్రాంతిదినాన గోగు భాగం చదువుతారు.

మృతసముద్రం దగ్గర 1947 నుంచి దొరికిన చుట్టల్లో హబక్కూకు మీద ఒక వ్యాఖ్యానం ఉంది. హబక్కూకు కల్దీయులు (బబులోనువాళ్లు) అన్న చోట దాన్ని రాసుకున్న యూదు సమాజం తమ కాలపు ‘కిత్తీయుల’ను చూసింది, వాళ్లు రోమీయులని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తమదే చివరి తరమనుకోవడం కొత్తగా పుట్టింది కాదు. 12వ శతాబ్దపు యూదు గురువు మైమొనిదెస్ అయితే మెస్సీయ వస్తాడని గట్టిగా నమ్ముతూనే, ఈ సంగతులు ఎలా జరుగుతాయో జరిగేదాకా ఎవరికీ తెలియదని, కాలం లెక్కించవద్దని రాశాడు.

యూదుల చదువును ‘వాళ్లకు అర్థం కాలేదు’ అని ఒక్కమాటతో కొట్టేయకండి. ఈ పుస్తకాలను అక్షరం అక్షరం కాపాడి మన దాకా తెచ్చింది వాళ్లే.

10. చేసి చూద్దాం: యోవేలు

మూడు అధ్యాయాలే కాబట్టి అభ్యాసానికి ఇది మంచి పుస్తకం. ఒక్క బిగిన బిగ్గరగా చదవండి.

ఎవరికి? 1:1లో పెతూయేలు కుమారుడని తప్ప రాజు పేరు లేదు. కాలం మీద పండితులు ఏకం కాలేదు, కాబట్టి తేదీ గడి ఖాళీగా వదలండి. కానీ స్థలం స్పష్టం: సీయోను, ఆలయం, యాజకులు.

ఏ సంఘటన? గొంగళిపురుగులు, మిడతలు, పసరుపురుగులు, చీడపురుగులు ఒకదాని వెంట ఒకటి పంటను తినేశాయి. అంజూరపు చెట్ల బెరడు ఒలిచేశాయి. కొట్లు పాడయ్యాయి, పశువులు మూలుగుతున్నాయి, వాగులు ఎండాయి. ఆలయంలో నైవేద్యానికి కూడా ధాన్యం లేదు. పాత వ్యాఖ్యాతల్లో కొందరు ఈ నాలుగు పురుగులనూ నాలుగు సామ్రాజ్యాలుగా తీసుకున్నారు. నేను ఒప్పుకోను. పశువుల మూలుగును అంత దగ్గరగా విన్నవాడు నిజమైన కరువు గురించే మాట్లాడుతున్నాడు. మిడతల దండు పడ్డ పొలం చూసిన రైతుకు 1వ అధ్యాయం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఏ దినం? 1:15 ఆ కరువులోనే యెహోవా దినం దగ్గరపడిందని అంటుంది. 2:1–11లో అవే మిడతలు గుర్రాల్లా, రథాల్లా వచ్చి గోడలెక్కి, దొంగల్లా కిటికీల్లో దూరతాయి. సూర్యచంద్రులు చీకటవుతాయి. ఇది మిడతల గుంపా, సైన్యమా? రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా యోవేలు కావాలనే రాశాడని నా అభిప్రాయం. ఇక్కడ ఒకటే తేల్చాలని పట్టుబట్టకండి.

ఏం చేయమన్నాడు? పుస్తకానికి కేంద్రం 2:12–17. బట్టలు కాదు, హృదయాలు చింపుకోండి. ముసలివాళ్లు, చంటిపిల్లలు, కొత్త పెళ్లికొడుకు, పెళ్లికూతురు అందరూ రావాలి. 2:14 చూడండి: ఒకవేళ ఆయన మనసు మార్చుకుంటాడేమో, ఎవరికి తెలుసు? ఆరో అడుగులో చూసిన షరతు ఇదే. 2:18 నుంచి పుస్తకం మలుపు తిరుగుతుంది. దేవుడు జాలిపడ్డాడు, వాన వచ్చింది, పురుగులు తిన్న సంవత్సరాల పంట మళ్లీ ఇస్తానన్నాడు.

ఏం మిగిలింది? 2:28 తర్వాత మాట దూరం వెళ్తుంది. కొడుకులు, కూతుళ్లు, దాసదాసీల మీద కూడా ఆత్మ కుమ్మరింపు. తర్వాత యెహోషాపాతు లోయలో జనాలకు తీర్పు. నేరం ఏంటో 3:3–6 చెబుతుంది: పిల్లలను అమ్ముకున్నారు, యూదావాళ్లను గ్రేకులకు బానిసలుగా అమ్మారు. తూరు, సీదోను, ఫిలిష్తీయుల పేర్లు ఉన్నాయి. ఈ తీర్పు పుట్టింది మనుషుల అమ్మకం మీద కోపంతో. దీన్ని వదిలేసి లోయ ఎక్కడుందని వాదించుకోవడం నన్ను బాధపెడుతుంది.

తర్వాతి చదువు? అపొస్తలుల కార్యములు 2లో పేతురు పెంతెకొస్తు రోజున 2:28–32 వచనాలనే ఎత్తి, ఇది ఆ మాటేనంటాడు. సూర్యుడు, చంద్రుడు, రక్తం అన్న మాటలనూ వదలలేదు. 2014, 2015లో వరుసగా నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చినప్పుడు కొందరు బోధకులు 2:31ని వాటికి కట్టారు. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు ఎర్రబడటం ఎప్పుడూ ఉన్నదే. భూమి గాలిపొర గుండా వంగి వచ్చే కాంతిలో ఎరుపే మిగులుతుంది. 2:30లోని రక్తం, అగ్ని, పొగ స్తంభాల పక్కన పెట్టి 2:31 చదివితే కాలిపోతున్న యుద్ధభూమి కనబడుతుంది.

11. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

వార్త చూసి వచనం వెతకడం. వచనం మొదట చదవండి. అధ్యాయం మొత్తం చదివే ఓపిక లేని రోజు ఆ వార్త గురించి మాట్లాడకండి.

ఇశ్రాయేలు అన్న ప్రతిచోటా నేటి దేశాన్ని పెట్టడం. ఆమోసుకు అది ఉత్తర రాజ్యం, యెహెజ్కేలు 37:11లో చెరలో ఉన్న జనం. ముందు ఆ అర్థం రాయండి. 1948లో నేటి ఇశ్రాయేలు దేశం ఏర్పడటం గురించి అభిప్రాయం ఉంటే దాన్ని వేరే పేజీలో పెట్టండి.

తీర్పు ఎప్పుడూ పక్కవాళ్ల మీదికే అనుకోవడం. దీనికి మందు ఆమోసు 1, 2 అధ్యాయాలు. దమస్కు, గాజా, తూరు, ఎదోము అని ఒక్కొక్కరినీ గద్దిస్తూ వచ్చి యూదా మీదికి, చివరికి ఇశ్రాయేలు మీదికే తిరుగుతాడు.

పిల్లలను భయపెట్టడం. సండేస్కూల్లో తీర్పు చెబితే, ఆ భాగంలోనే ఉన్న పిలుపును, ఆదరణను అదే రోజు చెప్పండి. వచ్చే వారానికి వాయిదా వేయకండి. జెఫన్యా 1తో మొదలుపెట్టినవాళ్లు 3:17 దాకా వెళ్లాలి.

ఫార్వర్డ్ వచ్చినప్పుడు చూసుకోవాల్సినవి:

- వచనం సంఖ్య ఇచ్చారా, తెరిచి చూశారా?
- ఆ భాగం ఎవరికి చెప్పిందో ఒక్క మాటైనా ఉందా?
- తేదీ చెబుతున్నారా? అయితే అక్కడే ఆపేయండి.
- డబ్బు అడుగుతున్నారా? ఆస్తి అమ్మమంటున్నారా? ఇంట్లోవాళ్లకు, సంఘ పెద్దలకు వెంటనే చెప్పండి.

12. ఏ వరుసలో చదవాలి

ఆమోసు మొదట, పూర్తిగా. తర్వాత జెఫన్యా, యోవేలు. వీటితో యెహోవా దినం మీద పట్టు వస్తుంది.

ఆపై యెషయా 2, 11, 13, 24–27, 65 అధ్యాయాలు, పక్కనే మీకా 3–4. యిర్మీయా 18, 26, 29–31. వెంటనే విలాపవాక్యములు. తీర్పు వచ్చిన మర్నాడు ఎలా ఉంటుందో తెలియకుండా తీర్పు గురించి బోధించకూడదు.

యెహెజ్కేలులో 33 నుంచి చివరిదాకా వరుసగా వెళ్లండి, 38కి దూకకండి. హగ్గయి, జెకర్యా, మలాకీ ఒకే ఊపులో చదవచ్చు.

దానియేలు చివర. 1 నుంచి 6 దాకా కథలు చదివి, పరాయి రాజు కింద బతికేవాళ్ల కష్టం మనసుకు పట్టాక 7, 8 అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకోండి. 9వ అధ్యాయంలో డెబ్బై వారాల కంటే ముందున్న ప్రార్థనను నిదానంగా చదవండి, అధ్యాయంలో ఎక్కువ భాగం అదే. 10 నుంచి 12 వరకు అంతియొకస్ చరిత్ర దగ్గర పెట్టుకుని ఒకేసారి చదివి, అర్థం కాని వచనాల పక్కన ప్రశ్నగుర్తు పెట్టి అలాగే ఉంచండి.